ఆకుదొప్పలో హండియా

జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కే గుర్తొస్తుంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడ్డాక సాక్చి పల్లె చుట్టూ పెరిగిన నగరం అది. కానీ ఆ నేల అంతకు ముందునుంచీ హో, సంథాల్, ముండా, భూమిజ్ ప్రజలది. ఆ చుట్టుపక్కల వారపు సంతలకు వెళితే, చెట్టు నీడన అల్యూమినియం గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చున్న ఆదివాసీ స్త్రీలు కనిపిస్తారు. వాళ్లు అమ్మేది హండియా, అంటే బియ్యంతో పులియబెట్టిన కల్లు. వండేదీ, వడకట్టేదీ, పోసేదీ వాళ్లే. ఆ మూడు పనుల్లోనూ తరాల చదువుంది.

మొదట అన్నం పలుకుగా వండి, చాప మీద పరిచి ఆరబెడతారు. వేడి తగ్గకముందే బిళ్లల పొడి కలిపితే పులియబెట్టే జీవం చచ్చిపోతుంది. అందుకే చల్లారాకే అన్నంలో రాను అనే బిళ్లల పొడి కలుపుతారు. పచ్చి బియ్యప్పిండికి అడవి వేర్లు, బెరళ్లు నూరి చేర్చి, ఉండలు కట్టి ఎండబెట్టినవే ఈ బిళ్లలు. ఏ వేరు ఎంత వేయాలన్నది ఇంటింటికీ మారుతుంది. కలిపిన అన్నాన్ని కుండకెత్తి మూత వేస్తారు. వేసవిలో రెండు మూడు రోజులకే తయారవుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యం. సిద్ధమైందో లేదో వాసనే చెబుతుంది.

ఈ పద్ధతి గొప్పతనం బిళ్లలోనే ఉంది. బీరు కాచేవాళ్లు బార్లీని మొలకెత్తించి, అందులోని పిండిని చక్కెరగా మార్చి, ఆ తర్వాత ఈస్టు కలుపుతారు. ఇక్కడ బిళ్లలోని బూజు పిండిని చక్కెర చేస్తుంటే, ఈస్టు ఆ చక్కెరను పులియబెడుతుంది. రెండు పనులూ ఒకే కుండలో, ఒకేసారి సాగిపోతాయి. ఇప్పపూల సారాలా దీన్ని బట్టీ పెట్టి దించరు.

ఇక పోయడం. నీరు కలపకముందు ఊరిన రసం ఘాటుగా ఉంటుంది. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, పిసికి, వడకడితే తేలికపాటి తెల్లని హండియా వస్తుంది. పొద్దు ఎక్కేకొద్దీ పులుపు పెరుగుతుంది కాబట్టి ఎన్ని నీళ్లు పట్టాలో రుచిని బట్టి తేల్చుకోవాలి. సాల్ చెట్టు ఆకుల దొప్పలో పోసి, పక్కన ఉడికించిన శనగలు పెడతారు. పండుగల్లో మొదటి చుక్కలు పూర్వీకులకు, దేవతలకు నేల మీద విడిచాకే మనుషుల వంతు. హోల మాగే పరబ్‌లోనూ, సంథాలుల సొహరాయ్‌లోనూ హండియా ఉండాల్సిందే.

ఐరిష్ పబ్బుల్లో గిన్నెస్ బీరు పోసే తీరును లోకమంతా మెచ్చుకుంటుంది. గ్లాసు వాల్చి ముప్పాతిక నింపడం, నురగ తేరేదాకా ఆగడం, ఆపైన నిండుగా పోయడం: దీన్నంతా నేర్చుకుని తీరాల్సిన నైపుణ్యంగా చూస్తారు. 1759లో డబ్లిన్‌లో మొదలైన కంపెనీ పానీయానికి దక్కిన ఆ మర్యాద, చెట్టు కింద దొప్ప అందించే చేతికీ దక్కాలి.

తాగుడు చేసే నష్టాన్నీ దాచకూడదు. ఆదివాసీ నాయకుడు బిర్సా ముండా తన అనుచరులను మద్యం మానమన్నాడు. పూట గడవక రోడ్డు పక్కన అమ్మే స్త్రీలకు వేరే బతుకుదెరువు చూపడానికి జార్ఖండ్ ప్రభుత్వం 2020లో ఫూలో ఝానో ఆశీర్వాద్ పథకం తెచ్చి, వడ్డీ లేని అప్పులిస్తోంది. మానాలనుకున్నవాళ్లకు ఆ దారి తెరిచి ఉండాల్సిందే. అయితే అమ్మకం మానితే విద్య కూడా పోవాలని లేదు. ఏ వేరు ఏ అడవిలో దొరుకుతుందో, ఎప్పుడు తవ్వాలో, ఎంత మిగల్చాలో ఆ పెద్దమ్మలకు తెలుసు. వాళ్లను గురువులుగా కూర్చోబెట్టి, వాళ్ల సమ్మతితో, వాళ్ల పేరుతోనే ఆ జ్ఞానాన్ని రాసిపెట్టాలి. దాని మీద ఎప్పుడైనా లాభం వస్తే మొదటి వాటా వాళ్లదే కావాలి.