ఒక పేజీ సంజాయిషీ

షెంజెన్ వీసా మీద వెళ్లి మధ్యలో ప్లాన్ మార్చుకున్నవాళ్లకు అసలు పరీక్ష తర్వాతి దరఖాస్తులో ఎదురవుతుంది. విజయవాడలో ట్రావెల్స్ నడిపే ఒకావిడ ఓ రిటైర్డ్ టీచరు దంపతులకు రాసిపెట్టిన సంజాయిషీ ఉత్తరం చదివాక, ఈ పనిలో ఇంత నేర్పు ఉందా అని ఆశ్చర్యపోయాను.

వాళ్లది ఫ్రాన్స్ ఇచ్చిన వీసా. ముందు మిలాన్‌లో 4 రోజులు, తర్వాత ప్యారిస్‌లో 8 రోజులు అనుకున్నారు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలన్నది షెంజెన్ నియమం కదా. మూడో రోజున మాస్టారు మెట్ల మీద జారిపడ్డారు, మడమ ఎముక విరిగింది. ప్యారిస్ మానుకుని మిలాన్ నుంచే ఇంటికొచ్చేశారు. ఇక పాస్‌పోర్టు తెరిస్తే స్టిక్కరు ఫ్రాన్స్‌ది. రెండు ముద్రలూ ఇటలీవే: వెళ్లినప్పటిది దీర్ఘచతురస్రం, వచ్చినప్పటిది మూలలు గుండ్రంగా ఉన్నది. ఒక దేశం దగ్గర వీసా తీసుకుని ఇంకో దేశం తిరిగొచ్చారని అనుమానించడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆవిడ ఉత్తరం మొదలవడమే ఆ అనుమానంతో మొదలవుతుంది. మీరిచ్చిన వీసా మీద మేము ఫ్రాన్స్‌లో ఒక్క రోజు కూడా లేము, కారణం ఇది, అని తొలి వాక్యంలోనే చెప్పేశారు. అధికారి వెతికి పట్టుకోవలసింది ఇక ఏమీ మిగలలేదు. తర్వాత తేదీలు, వాటి వెంట కాగితాలు. ఆసుపత్రి ఇచ్చిన ఇటాలియన్ చీటీ, దాని అనువాదం. ప్యారిస్ హోటల్ రద్దు చేసుకున్న ఈమెయిల్. మార్పించుకున్న విమానం టికెట్టు. ఇన్సూరెన్సు క్లెయిము.

ఇందులో నాకు బాగా నచ్చింది హోటల్ ఈమెయిల్. దాని తేదీ ఆసుపత్రి చీటీకి మర్నాటిది. పైగా కట్టిన డబ్బు వెనక్కి రాదని అందులోనే ఉంది. వెళ్లే ఉద్దేశం లేనివాళ్లు అంత డబ్బు వదులుకుంటారా? ఆ మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. రెండు కాగితాలను వరుసగా పెట్టి ఊరుకున్నారు. ఎక్స్‌రే ఫిల్మూ, కొడుకు రాసిచ్చిన హామీపత్రమూ తీసేశారు. మన్నించమని, దయచూపమని ప్రాధేయపడలేదు. తప్పు చేయనివాళ్లు క్షమాపణ చెబితే కొత్త అనుమానం పుడుతుందని ఆవిడ అభిప్రాయం. నాకూ అది సబబే అనిపిస్తుంది.

ఈ శ్రద్ధకు ఫలం పెద్దదే. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం తెచ్చిన నిబంధనల ప్రకారం, మూడేళ్లలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడుకున్నవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, ఆ తర్వాత మామూలుగా ఐదేళ్లది దొరికే వీలుంది. మొదటి వీసా సక్రమంగా వాడినట్టు లెక్కకు రావాలంటే ఆ కథ ఫైల్లో తేటగా ఉండాలి. 2025 అక్టోబరు 12 నుంచి ముద్రల స్థానంలో రాకపోకలు కంప్యూటరుకు ఎక్కడం మొదలైంది కాబట్టి, దాచడం ఎలాగూ తప్పే, ఇప్పుడు వృథా కూడా.

కొత్త ప్లానులో ప్యారిస్‌ను ముందు పెట్టి, ఊళ్లు తగ్గించి, మాస్టారి నడకకు తగ్గట్టు రోజుకు ఒక్క చోటే రాశారు. సరిహద్దులో అడిగితే చూపించడానికి ఉత్తరం నకలు ఒకటి చేతిసంచిలో పెట్టుకోమన్నారు.