దుబ్బు వంచి చూడాలి

గోదావరి డెల్టా ఊళ్లలో డ్రోన్ చప్పుడుకి పిల్లలు తలెత్తి చూడటం కూడా మానేశారు. వరి చిరుపొట్టకు వచ్చిందంటే చాలు, పొద్దున్నే ఏదో ఒక గట్టు మీద నలుగురు నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో రిమోట్, ఒకరి దగ్గర బ్యాటరీలు, మిగతా ఇద్దరూ బకెట్లో మందు కలుపుతూ కనిపిస్తారు. టీ తాగి వచ్చేలోపు ఆ మడి పని అయిపోయి పక్క మడికి జరిగి ఉంటారు.

ఈ యంత్రం వచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఎందుకో ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత చెప్పబోయే దిగులు అందులోంచి పుట్టిందే.

చేతిపంపు ట్యాంకు పదహారు లీటర్లు. ఎకరా వరికి రెండు వందల లీటర్ల మందునీళ్లు పట్టాలంటే పన్నెండు, పదమూడు ట్యాంకులు కొట్టాలి. ప్రతి ట్యాంకూ బోదె దగ్గర నింపుకుని, వీపున ఎత్తుకుని, పిక్కల్లోతు బురదలో కాలు పీక్కుంటూ నడవాలి. ఒక చేత్తో పంపు కొడుతూ, ఇంకో చేత్తో గొట్టం ఊపుతూ వెళ్లాలి. మూత దగ్గర కారిన మందు వీపు మీదుగా నడుముకి, నడుము మీదుగా లుంగీలోకి దిగుతుంది. గాలి మళ్లితే మొహాన కొడుతుంది. అడ్డం పెట్టుకోవడానికి తుండుగుడ్డ తప్ప ఏమీ ఉండదు. సాయంత్రానికి కళ్లు మంట, తల దిమ్ము, అన్నం సయించదు. మా చేలో ఏళ్ల తరబడి మందు కొట్టినాయన చొక్కాని ఆయన భార్య మిగతా బట్టల్లో కలిపి ఉతికేది కాదు. ఆ చొక్కా విడిగా, దొడ్డి చివర తీగ మీద ఆరుతుండేది. ఆ బరువునీ ఆ విషాన్నీ మనిషి వీపు మీద నుంచి దించే యంత్రం ఏదైనా సరే, దానికి నా ఓటు ఉంటుంది.

డ్రోన్ పద్ధతి వేరు. పది లీటర్ల ట్యాంకు ఒకటి, దాంతోనే ఇంచుమించు ఎకరా అయిపోతుంది. పట్టే సమయం పది నిమిషాల లోపు. ఫోన్‌లో మడి నాలుగు మూలలూ గుర్తుపెడితే, పైరుకి రెండు మూడు మీటర్ల ఎత్తున తనంతట తనే వరస తప్పకుండా తిరుగుతుంది. రెక్కల గాలి కిందికి కొడుతుంది కాబట్టి ఆకులు కదిలి, సన్నటి తుంపర కొంత లోపలికి దిగుతుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో డ్రోన్ నిబంధనలను సడలించింది. 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రూ. 1,261 కోట్లతో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా రూ. 8 లక్షలు, సాయంగా ఇస్తామన్నారు. రిమోట్ పట్టిన ఆడపిల్ల గట్టు మీద నిలబడి "బాబాయ్, అటు పక్కకి రండి, తుంపర పడుద్ది" అని పెద్ద రైతుని హెచ్చరిస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది.

ఇక దిగులు సంగతి.

మా చేలో మందు కొట్టినాయన ట్యాంకు లెక్కన కూలి తీసుకునేవాడు. అయినా చేలోకి దిగి నాలుగు బారలు నడిచాక వెనక్కి తిరిగి, "ఈ మడిలో ఏం లేదండి, మందు దండగండి" అని చెప్పిన రోజులున్నాయి. ఆ మాట వల్ల ఆయన కూలి తగ్గుతుంది. అయినా చెప్పేవాడు, చూశాడు కాబట్టి. బురదలో కాలు పెట్టిన మనిషికి పైరు మొదళ్లు కనిపిస్తాయి. ఆయన పని అని మనం లెక్కగట్టింది మందు కొట్టడం ఒక్కదాన్నే. దాంతోపాటు చేను చూసిపెట్టేవాడన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇప్పుడు డ్రోన్ వచ్చి మందు కొట్టే పని తీసుకుంది. చూసే పని ఎవరికీ అప్పజెప్పకుండానే పోయింది.

దీనికి సుడిదోమని మించిన ఉదాహరణ లేదు. వరి రైతుని నిలువునా ముంచే పురుగు ఇది. మూడు నాలుగు మిల్లీమీటర్ల గోధుమరంగు దోమ. ఆకు మీద కనపడదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, నీడలో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. పైన చేను పచ్చగా, నిండుగా ఉంటుంది. పది రోజుల తర్వాత చూస్తే మధ్యలో గుండ్రంగా ఎండిపోయి, పడిపోయి ఉంటుంది. అప్పుడు ఏ మందు కొట్టినా ఆ సుడిలో గింజ దక్కదు.

ఈ దోమని చూడటానికి ఒక పద్ధతి ఉంది. మడిలోకి దిగి మూల నుంచి మూలకు నడవాలి. నాలుగడుగులకొకసారి ఆగి, దుబ్బుని రెండు చేతులా పట్టి ఒక పక్కకి వంచి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. దోమలుంటే నీళ్ల మీద రాలతాయి. కదలకుండా చూస్తే, రాలినవి అడ్డంగా గెంతుతూ మళ్లీ కాండం ఎక్కడం కనిపిస్తుంది. అక్కడే లెక్కపెట్టుకోవాలి. పిలకలు వేసే దశలో దుబ్బుకి పది పదిహేను, ఈనిక దశలో ఇరవై పాతిక దాటితేనే మందు గురించి ఆలోచించమని శాస్త్రవేత్తలు చెబుతారు. దోమతోపాటు ఇంకెవరున్నారో కూడా చూడాలి. సాలీళ్లున్నాయా? దోమ గుడ్లు తినే ఆకుపచ్చ మిరిడ్ నల్లులున్నాయా? అవి బాగా ఉంటే రెండు రోజులు ఆగి మళ్లీ దిగి చూడొచ్చు. మడిలో నీరు తీసేసి ఆరబెడితేనే సగం సమస్య తగ్గే సందర్భాలున్నాయి. ఇరవై దుబ్బులు ఇలా వంచి చూడటానికి అరగంట చాలు. నడుం నొప్పి పుడుతుంది, చేతులకి ఆకులు కోసుకుంటాయి. అయినా వరి సాగులో ఇంతకన్నా విలువైన అరగంట లేదని నా నమ్మకం.

అరగంట చూడకుండా మందు కొడితే పోయేది డబ్బు మాత్రమే అయితే ఇంత గట్టిగా చెప్పనక్కర్లేదు. సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందులు కొడితే మిత్రపురుగులు ముందు చస్తాయి. అడ్డుకునేవాళ్లు లేక దోమ మరింతగా పెరుగుతుంది. ఇది ఎప్పుడో తేలిన విషయం. 1970ల చివర్లో ఫిలిప్పీన్స్ పొలాల్లో పీటర్ కెన్మోర్ అనే శాస్త్రవేత్త, పురుగుమందుల వల్ల మిత్రపురుగులు చచ్చి దోమ పెరుగుతుందని నిరూపించాడు. ఇండోనేషియాలో సుడిదోమ లక్షల ఎకరాలు తినేస్తుంటే, 1986లో ఆ దేశాధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించాడు. మందుల మీద ఇచ్చే సబ్సిడీ కూడా తర్వాత క్రమంగా ఎత్తేశారు. వరి దిగుబడి పడిపోలేదు. 1989 నుంచి అక్కడ రైతులని గుంపులుగా చేలోకి దించి, పురుగు ఏది, మిత్రుడెవరు, ఎప్పుడు ఆగాలి అని వారం వారం చూడటం నేర్పారు. మన దగ్గర వ్యవసాయ శాఖ పొలంబడి పేరుతో నడిచింది ఆ బాటలోనే. ఒక దేశం తన తిండిని కాపాడుకోవడానికి రైతు కళ్ల మీద నమ్మకం పెట్టుకుందన్నమాట.

ఇప్పుడు మన దగ్గర, డ్రోన్ దిగిన గట్టు మీద నేను విన్న సంభాషణ ఇలా ఉంది. "ఎన్నెకరాలు బాబాయ్?" "మూడు." "ఏం మందు?" కౌలురైతు సంచిలోంచి మూడు డబ్బాలు తీశాడు. "షాపాయన ఇచ్చాడమ్మా, అన్నీ కలిపి కొట్టమన్నాడు." దోమ ఎంతుందని డ్రోన్ నడిపే అమ్మాయి అడగలేదు, ఆయన చెప్పలేదు. అడగడం ఆమె పనిలో లేదు. ఎకరాల లెక్కన డబ్బులొచ్చే పని అది. ఒకప్పుడు మందు కొట్టే మనిషి దొరకడమే కష్టం కాబట్టి రైతు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే మర్నాటికి వస్తారు. పక్క చేలో ఎలాగూ తిరుగుతోంది, పనిలో పనిగా మనదీ కొట్టించేద్దాం అనే మాట మా ఊళ్లో ఈ మధ్య తరచుగా వినబడుతోంది. పని తేలికైన కొద్దీ అవసరం లేని చోట కూడా మందు పడుతోంది.

పైనుంచి పడే తుంపర గుబురుగా ఎదిగిన పైరులో మొదళ్ల దాకా దిగడం కష్టం. ఆకుముడతకి బాగానే పనిచేయొచ్చు, దోమ ఉండేది మాత్రం అడుగున. అందుకే నాట్లప్పుడే తూర్పు పడమరలుగా ప్రతి రెండు మీటర్లకి ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలమని ఏళ్లుగా చెబుతున్నారు. గాలీ వెలుతురూ ఆడతాయి, మందు మొదట్లో పడుతుంది, మనిషి నడవడానికీ వీలుంటుంది. డ్రోనే కొడుతుంటే ఇక బాటలెందుకని కొందరు వాటిని మానేస్తున్నారు. డ్రోన్‌తో కొట్టే చేలో ఆ బాటలు ఇంకా ఎక్కువ అవసరం.

ఇంకో సంగతి. రెండు వందల లీటర్లలో కలపాల్సిన మందుని పది లీటర్లలో కలిపితే అది ఇరవై రెట్లు చిక్కన. గాలి వీస్తే ఆ చిక్కటి తుంపర గట్టు దాటుతుంది. పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాల్లో వరి మడి గట్టునే రొయ్యల చెరువు ఉంటుంది. మల్బరీ వేసిన చోట పట్టుపురుగులుంటాయి. బకెట్లో మందు కలిపే ఇద్దరి సంగతి మరీ ముఖ్యం. పాతకాలపు ట్యాంకు మోసినవాళ్లే ఇప్పుడు చాలా చోట్ల ఆ కలిపే పనిలోకి వచ్చారు. వీపు మీద బరువు పోయింది గానీ, ఇరవై రెట్లు చిక్కటి మందులో చేతులు పెడుతున్నారు. చేతికి తొడుగు లేకుండా మందు కలిపే జట్టుని రైతు గట్టు మీదికి రానివ్వకూడదు.

కొత్త సాంకేతికత చూపుని పూర్తిగా వదిలేసిందని కూడా అనలేను. ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే ప్లాంటిక్స్ లాంటి యాప్‌లు తెలుగులో ఉన్నాయి. 2024 ఆగస్టు 15న కేంద్రం జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను మొదలుపెట్టింది. ఫొటో పంపితే కృత్రిమ మేధ సాయంతో పురుగుని గుర్తుపట్టి సలహా ఇస్తుంది. ఖమ్మం జిల్లాలో సాగు బాగు పేరుతో 7,000 మంది మిర్చి రైతులతో చేసిన ప్రయత్నంలో పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గి, దిగుబడి పెరిగినట్టు నివేదికలు చెప్పాయి. ఇవి మంచి పనులు. నా ఫోన్‌లోనూ అలాంటి యాప్ ఉంది, అగ్గితెగులు మచ్చకీ మరో మచ్చకీ తేడా తెలియనప్పుడు అదే దిక్కు. కానీ సుడిదోమ ఫొటో కావాలంటే ఎవరో ఒకరు బురదలోకి దిగి, దుబ్బు వంచి, నీటికి జానెడు పైన ఫోన్ పట్టుకోవాలి. ఆ దిగేవాళ్లు లేకపోతే యాప్‌కి ఆకులు తప్ప ఏమీ అందవు.

కాబట్టి అడగాల్సినవాళ్లని అడుగుతున్నాను. డ్రోన్ దీదీల శిక్షణ పదిహేను రోజులు. అందులో ఐదు రోజులు డ్రోన్ నడపడానికి, పది రోజులు పోషకాలూ మందులూ చల్లే పద్ధతులకి. ఆ పదిలో రెండు రోజులు వాళ్లని వరి మడిలోకి దించి దోమని లెక్కపెట్టించండి. ఆ ఆడపిల్లల్లో చాలామంది నాట్లు వేసిన చేతులవాళ్లే, వాళ్లకి దుబ్బు కొత్త కాదు. ఎకరాకి మందు కొట్టినందుకు ఒక రేటు ఉన్నట్టే, ముందుగా చేను చూసి చెప్పినందుకూ ఒక రేటు పెట్టుకోనివ్వండి. "మందు అక్కర్లేదు" అని చెప్పిన రోజు కూడా వాళ్లకి డబ్బులు రావాలి. లేకపోతే ఆ మాట ఎవరూ చెప్పరు.

మా వైపు కొందరు రైతులతో ఈ మాటే మాట్లాడాను. ట్యాంకులు మోసిన పాతవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, పని తగ్గి ఖాళీగా ఉన్నారు, పురుగుని వాళ్లంత బాగా గుర్తుపట్టేవాళ్లు లేరు. వారానికి రెండు పూటలు, చిరుపొట్ట నుంచి గింజ గట్టిపడేదాకా, ఎకరానికింతని అందరం వేసుకుని వాళ్లకి కూలి ఇద్దామనుకున్నాం. అనవసరంగా ఎగరేసే ఒక్క డ్రోన్ ఆగితే ఆ కూలి అందులోంచే వస్తుంది. ఒప్పుకున్నవాళ్లున్నారు, ఒకసారి చూసి చెబుతామన్నవాళ్లున్నారు. దాళ్వా పైరు చిరుపొట్టకు రాగానే మొదలుపెడతాం.