ఫోటోకి చిక్కని కత్తి

జపాను వాళ్ళ పొట్టికత్తుల ఫోటో పుస్తకం ఒకటి వారం రోజులుగా మా భోజనాల బల్ల మీదే ఉంది. టాంటో అంటారు వాటిని. అలుగు అడుగు పొడవు దాటదు. నల్లటి నేపథ్యంలో వెండిగీతల్లా మెరుస్తున్నాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఫోటోలు అందంగా ఉన్నాయి. నా పేచీ అంతా ఆ అందంతోనే.

ఆ ఉక్కు పుట్టడమే ఒక పురుడు. షిమానే ప్రాంతపు ఒకుఇజుమోలో మట్టికొలిమి కట్టి, మూడు పగళ్ళూ మూడు రాత్రులూ ఇనపఇసుకా బొగ్గులూ మార్చి మార్చి పోస్తారు. చివరికి కొలిమినే పగలగొట్టి ఉక్కుముద్దని బయటికి తీస్తారు. యుద్ధం తర్వాత ఆగిపోయిన ఈ పనిని 1977లో మళ్ళీ మొదలుపెట్టారు. కమ్మరి ఆ ఉక్కుని కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్ళీ సాగగొడతాడు. మనం పొరల పరోటా చెయ్యమూ, అలా. పది మడతలకే వెయ్యి పొరలు దాటతాయి. ఆ తర్వాత అంచుకి పల్చగా, వీపుకి దళసరిగా మట్టి పూసి, కాల్చి నీళ్ళలో ముంచుతాడు. అంచు గబుక్కున చల్లారి గట్టిపడుతుంది, వీపు నిదానంగా చల్లారి మెత్తగా ఉంటుంది. ఆ ముంచడంలో పగులిచ్చిందా, పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే. నిలిస్తే మాత్రం అంచు వెంట పొగమంచులాంటి తెల్లటి అల తేలుతుంది. దాన్ని హమోన్ అంటారు.

ఆ అలే ఫోటోకి చిక్కదు. సానపట్టిన ఉక్కు అద్దమే కదా, దీపాన్నీ కెమెరానీ ఫోటో తీసేవాడి ముక్కునీ కూడా చూపిస్తుంది. దీపం ఒక వాలున పెడితే అల కనిపించి పొరల చారలు మాయం. ఇంకో వాలున చారలు తేలి అల మాయం. చేత్తో పట్టుకుని కాస్త కాస్త తిప్పుతూ చూసేవాళ్ళకే రెండూ. అందుకే ఈనాటికీ ఓషిగాటా అని ఒకటి చేస్తారు. కత్తి మీద పల్చటి కాగితం పరిచి, సిరాబిళ్ళతో రుద్ది ఆకారం దింపి, అలని కంటితో చూస్తూ చేత్తో గీస్తారు. అలాంటివి ఈ పుస్తకంలో నాలుగో ఐదో ఉన్నాయి, చివరి పేజీల్లో, తపాలాబిళ్ళంత! నాకు అవే నచ్చాయి. అక్కడ ఒక మనిషి కూర్చుని చూశాడు.

(మసమునె చేసిన ఒక వెడల్పాటి టాంటోకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'వంటకత్తి'. నగోయాలోని టోకుగావా మ్యూజియంలో జాతీయసంపదగా దాచుకున్నారు. మన కత్తిపీటకి ఆ యోగం ఎప్పుడో!)

అసలు పేచీ ఇంకోటుంది. కైకెన్ అనే చిన్నకత్తికి రెండు నిండు పేజీలిచ్చి, దాని పట్టుసంచీ రంగుని పొగిడి ఊరుకున్నారు. సమురాయి ఇళ్ళ ఆడవాళ్ళు దాన్ని దగ్గర పెట్టుకున్నది ప్రాణం కాపాడుకోడానికీ, పరువు పోయే గడియ వస్తే మెడనరం కోసుకోడానికీ. ఇవాళ సంప్రదాయపు పెళ్ళిలో వధువు నడికట్టులో అదే అలంకారం. చాలాసార్లు సంచీలో కత్తే ఉండదు. ఈ సంగతికి ఒక్క వాక్యమైనా చోటివ్వకపోతే అది నగలకొట్టు కేటలాగు గాని కత్తుల పుస్తకం కాదు.

రాత్రి మా అమ్మాయి ఆ పేజీ చూసి "ఎంత ముద్దుగా ఉందో!" అంది. అదెందుకో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మరి మగవాళ్ళ కత్తుల దగ్గర ఏ యుద్ధమో, ఎవరి చేతిలోదో రాశారేమో చూడమ్మా" అంది.

వెనక్కి తిప్పి చూశాం. రాశారు.