మ్యాన్‌హోల్ రోబో: ఎవరి ఆమోదం?

వంతెనల్ని, పైపుల్ని, మురుగు కాల్వల్ని చూసుకునే రోబోలను జనం ఒప్పుకుంటారా? ఇదిప్పుడొక పరిశోధనాంశం. మ్యాన్‌హోల్ విషయంలో ఈ ప్రశ్న వేసేవాళ్ళని ముందు ఇంకోటి అడగాలి. ఇన్నాళ్ళూ అందులోకి మనిషిని దించుతుంటే ఎవరి ఆమోదం తీసుకున్నారు?

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చనిపోయారు. ఇద్దరూ మన ఆంధ్రా నుంచి బతకబోయినవాళ్ళే. కాపాడబోయిన అక్కడి ఆటో డ్రైవరు నౌషాద్ కూడా చనిపోయాడు. ఆ చావులకు కదిలిన ఇంజనీరింగు కుర్రాళ్ళు 'బాండికూట్' రోబోని తయారుచేశారు. 2018లో అది తిరువనంతపురంలో పనిలో దిగింది. కెమెరాతో లోపల చూస్తుంది, ఇనుప చేత్తో మురుగు ఎత్తుతుంది. మనిషి పైనే ఉండి నడుపుతాడు. మంచి పనే, కాదనం. కానీ రోబో వచ్చినంత మాత్రాన మనిషి దిగడం ఆగుతుందా?

హైదరాబాదు అనుభవం చూడండి. 2017లో జలమండలి ఇరుకు సందుల్లోకి పోయే చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ తోడుగా వాటిని దళితులకే అప్పగించింది. కూలివాడు యజమాని కావడం చిన్న విషయమేం కాదు. అయినా 2021 ఆగస్టులో అదే నగరం సాహెబ్‌నగర్‌లో కాంట్రాక్టరు కింద పనిచేసే ఇద్దరు మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయారు. యంత్రం ఉన్న ఊళ్ళోనే మనిషి చవగ్గా దొరికాడు. 2013 చట్టం దీన్ని నేరమంది. సుప్రీంకోర్టు 2014లో మృతుల కుటుంబాలకు 10 లక్షలంది, 2023లో 30 లక్షలంది. పరిహారం పెరిగింది, దించడం మాత్రం ఆగలేదు.

ఎందుకాగలేదో మన గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1985లో కారంచేడు గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ళ దగ్గరే. ఎవరి నీళ్ళు ఎవరు పాడుచెయ్యొచ్చు, ఎవరి మురికి ఎవరు ఎత్తాలి అన్నది ఇక్కడ కులమే తేలుస్తుంది. దాన్ని ఇనుప చెయ్యి మార్చలేదు.

రెల్లి, మాదిగ పేటల్లో ఎవరైనా యంత్రమంటే వెనకాడితే అది అజ్ఞానం కాదు, కూలి లెక్క. మన పత్తి, మిరప చేలల్లో డ్రోన్లు మందు కొడుతున్నాయి. కూలివాడి వీపు మీద ట్యాంకు దిగింది, విషం పీల్చే బాధ తగ్గింది. దాంతోపాటే ఆ రోజు కూలీ పోయింది. డ్రోను మాత్రం వాడి పేరు మీద లేదు.

అందుకే ఆమోదం అడిగేవాళ్ళు షరతులూ వినాలి. రోబో నడిపే పని ఇన్నాళ్ళూ గుంతలో దిగినవాళ్ళకే ఇవ్వాలి, కాంట్రాక్టు మీద కాదు, పర్మినెంటుగా. ఆ పనే మళ్ళీ వాళ్ళ కులవృత్తి కాకుండా పిల్లలకి వేరే చదువు, వేరే ఉద్యోగం దొరకాలి. నగరాల మ్యాన్‌హోళ్ళతో సరిపెట్టకుండా చిన్న ఊళ్ళ సెప్టిక్ ట్యాంకులకూ యంత్రం రావాలి. మనిషిని దించిన కాంట్రాక్టరు, అధికారి జైలుకి పోవాలి. ఇవి తేల్చకుండా వేసే ఓటు రోబో బొమ్మకే పడుతుంది.