కట్టబొమ్మన వేషము, కట్టబొమ్మన కథ

దక్షిణ తమిళనాట పాఠశాలల వార్షికోత్సవములలో కట్టబొమ్మన వేషము కానరాని యుత్సవము అరుదు. పదియేండ్ల బాలుడొకడు కాటుకతో మీసము దిద్దుకొని, జరీపాగా చుట్టి, అట్టకత్తిని నడుమున దోపి, టోపీ ధరించిన మరియొక బాలుని యెదుట నిలుచును. టోపీవాడు కప్పమడుగును. పాగావాడు గర్జించును. తల్లులు, తాతలు, చంకబిడ్డలతో సహా ఇంటిల్లిపాదియు చూచి సంతోషింతురు. ఐదు నిమిషములలో వేషము ముగియును. విరుదునగరు జిల్లాలో రాజపాళయమునకు సమీపమున నున్న చోళపుర ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఈ వేషముతో వినోదమునకు మించిన చుట్టరికము కలదు. ఏలయన, పాంచాలంకురిచ్చి పాళెగాడైన వీరపాండ్య కట్టబొమ్మన రాజకంబళ నాయకుల కులమువాడు. ఆ కులమువారి యింటిభాష తెలుగు. 'గెట్టిబొమ్ము' అను తెలుగు పేరే తమిళుల నోట కట్టబొమ్మన యైనదని చెప్పుదురు. ఇంత దగ్గరివాని కథ పిల్లల చేతికి ఏ దారిని వచ్చినది, వచ్చుచు ఏమేమి జారవిడిచినది యనునది విచారింపదగియున్నది.

ఈ వేషమునకు మూలము చరిత్రయు గాదు, జానపద గాథయు గాదు. శక్తి కృష్ణసామి రచింపగా శివాజీ గణేశన్ తన నాటక మండలిచే 1957లో ప్రదర్శింపజేసిన నాటకమును, దాని ననుసరించి బి. ఆర్. పంతులు దర్శకత్వమున 1959లో వెలువడిన చలనచిత్రమును దీనికి తల్లిదండ్రులు. ఆ చిత్రమునందలి నటనకు శివాజీ గణేశన్ 1960లో కైరో నగరమున జరిగిన ఆసియా ఆఫ్రికా చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడుగా గౌరవింపబడెను. ఆ గౌరవము తగినదే. కలెక్టరు జాక్సనుతో కట్టబొమ్మన చేసిన సంవాదమును ఒక తరమువారంతయు కంఠస్థము చేసిరి. వారి మనుమలును నేడు అదియే వల్లించుచున్నారు. వింత యేమనగా, ఆ చిత్రము తెలుగులోనికి వచ్చునప్పటికి 'వీరపాండ్య కట్టబ్రహ్మన' అయినది. తెలుగుపేరు తమిళమునకు పోయి, అచటనుండి పుట్టింటికి మరలివచ్చునపుడు తనవారికే ఆనవాలు తెలియని రూపమును దాల్చినది. ఇది చిన్న విషయమే యైనను, కథకంతకును పట్టిన గతి ఇందు కనబడుచున్నది.

ఆ సంవాదమునకు ఆధారమైన సంఘటనము 1798 నాటిది. కప్పపు బాకీల విషయమై జాక్సను కట్టబొమ్మనను రామనాథపురమునకు రమ్మని యాజ్ఞాపించి, తాను పాళెముల సంచారమునకు బయలుదేరెను. కట్టబొమ్మన పరివారముతో అతని వెంట పోవలసివచ్చెను. కుర్తాళమున దర్శనము దొరకలేదు. చొక్కంపట్టిలో దొరకలేదు. శివగిరిలో దొరకలేదు. శ్రీవిల్లిపుత్తూరునందును దొరకలేదు. ఇట్లు ఇరువదిమూడు దినములు కలెక్టరు గుడారముల వెనుక దారిపట్టిన పిమ్మట సెప్టెంబరు 10వ తేదీన రామనాథపురమున దర్శన మొసగబడెను. అచటను పాళెగానికి ఆసన మీయక గంటల తరబడి నిలువబెట్టిరి. తనను నిర్బంధింప నున్నారని యెరిగి అతడు కోటనుండి బయటపడునపుడు జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంటు క్లార్కు హతుడయ్యెను. అతని కార్యదర్శి శివసుబ్రహ్మణ్య పిళ్ళ పట్టుబడెను. మద్రాసు ప్రభుత్వము విచారణ సంఘము నేర్పరచెను. పిళ్ళ విడుదలయ్యెను, జాక్సను పదవిని పోగొట్టుకొనెను, లషింగ్టన్ కలెక్టరుగా వచ్చెను.

శివగిరినుండి శ్రీవిల్లిపుత్తూరునకు పోవు బాట రాజపాళయపు సీమను దాటి పోవలసినదే. అనగా ఆ యవమాన యాత్ర నడచినది చోళపురమువారికి దూరపు దేశమున గాదు, తమ పొలములకు చేరువనే. అయినను వేదికమీద ఈ యిరువదిమూడు దినములకు చోటు లేదు. అచట సింహాసనము కలదు, గర్జనము కలదు. గుడారము వెలుపల ఎండలో కనిపెట్టుకొని యుండుట లేదు. నాటకకర్తను తప్పుపట్టుటకు వీలులేదు. వేచియుండుటను రంగమున చూపుట కష్టము. కాని కుంఫిణీ ప్రభుత్వము పాళెగాండ్రను లొంగదీసిన మార్గము కేకలు గాదు. తిరిగించుట, నిలువబెట్టుట, లెక్కలు చూపుమనుట, మరియొక తేదీకి రమ్మనుట, ఇదియే దాని మార్గము. కచేరి మెట్లెక్కి దిగిన ప్రతి రైతునకును ఇది తెలిసిన బాధ. పిల్లవానికి గర్జనము నేర్పి ఈ బాధను దాచినచో, పరపాలన యనగా నేమో వానికి తెలియజేసినట్లు కాదు.

భాష సంగతి యింతకంటెను విచిత్రమైనది. వేదికమీద దొర చక్కని తమిళము పలుకును, పాళెగాడు అంతకంటె చక్కని తమిళమున బదులు చెప్పును. ఆనాటి దొరలకును పాళెగాండ్రకును నడుమ మాట నడచినది దుబాసీల ద్వారా. ఇంట తెలుగు, కచేరిలో తమిళము, దొర నోట ఇంగ్లీషు. ఒకని మాట మరియొకనికి చేరులోపల అది ఎచట మెత్తబడినదో, ఎచట పదునెక్కినదో దుబాసీకి తప్ప ఎవరికిని తెలియదు. ఆ దుబాసీ వేషమును కట్టుకొను బాలుడు నేటివరకు కనబడడు. రాజపాళయపు తెలుగు బాలుడు ఇంట తెలుగు మాటాడి, బడిలో తమిళము చదివి, ఉద్యోగమునకై ఇంగ్లీషు నేర్చువాడు. ఆ దుబాసీ పాత్ర వానికొరకే కాచుకొని యున్నట్లున్నది. అట్టివాడు తన యింటిభాషను గుమ్మమునందే విడిచి, సినిమా మాటలను అప్పగించి దిగివచ్చుట శోచనీయము.

ఇక ఎట్టప్పన. తమిళమున ఈ పేరు నేడు ద్రోహికి పర్యాయపదము. బడిలో తోటివానిపై పంతులుకు చెప్పిన పిల్లవానిని సైతము ఎట్టప్పన యందురు. ఎట్టయపుర పాళెగాండ్రు కుంఫిణీ పక్షమున నిలిచిరి, పాంచాలంకురిచ్చిపై సైన్యము నంపిరి, అది నిజము. కాని వారును చంద్రగిరి ప్రాంతమునుండి దక్షిణమునకు వచ్చితిమని చెప్పుకొను తెలుగు నాయకులే. రెండు పాళెములకును సరిహద్దు తగవులు కుంఫిణీ రాకకు ముందునుండియు కలవు. ముత్తుస్వామి దీక్షితులు చివరి దినములు గడపి 1835లో దేహము చాలించినది ఎట్టయపురముననే. సుబ్బరామ దీక్షితులు కూర్చిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఆ సంస్థాన పోషణమున, ఆ యూరి ముద్రాక్షరశాలలోనే, తెలుగులిపిలో అచ్చయినది. సుబ్రహ్మణ్య భారతి జన్మించినదియు అచటనే. ఇన్ని కలిగిన యూరిపేరు ఒక తిట్టుగా మిగులుటకు చరిత్రకంటె వేషమే యెక్కువ కారణము. వేషమున నొక వీరుడు, ఒక దొర, ఒక ద్రోహి చాలును. నాలుగవ వానికి చోటు లేదు. ఆ యింటిపేరు గల పిల్లలు ఇరుగుపొరుగు బడులలో చదువుకొనుచున్నారను స్మరణ వేషము కట్టించువారికి ఉండవలదా?

పూర్వచరిత్రకు వేషము కట్టి కుటుంబ సమేతముగా ఆనందించుట ఇతర దేశములలో గొప్ప వ్యసనముగా పెరిగినది. అమెరికాలోని విలియమ్సుబర్గు పట్టణమును 1926 మొదలు పదునెనిమిదవ శతాబ్దపు రూపమునకు మరల తెచ్చిరి. ఇంగ్లండులో 1968లో పుట్టిన 'సీల్డ్ నాట్' సంఘమువారు తమ దేశపు అంతర్యుద్ధములను సెలవుదినములలో ఆడి చూపుదురు. విలియమ్సుబర్గున కమ్మరి కొలిమి, కొవ్వొత్తులు పోయుట, వంటశాల, అంగడి మొదలైనవన్నియు చూపుట మెచ్చదగినది. బాలునకు ఒక కాలము తెలియవలెనన్న కత్తికంటె కుండ యెక్కువ చెప్పును. ఐనను అచట చిరకాలము ఒక పెద్ద లోపము నిలిచిపోయినది. ఆ పట్టణమున పూర్వము సగము జనము నీగ్రోజాతివారు, వారిలో అత్యధికులు బానిసలు. ఉత్సవవేషములలో వారు లేరు. 1970వ దశకపు చివర గాని ఆ కథ చెప్పుటకు పూనుకొనలేదు. 1994లో బానిసల వేలమును ఆడి చూపినపుడు పెద్ద వివాదము చెలరేగినది. పిల్లలు చూచుచోట ఇట్టిది తగునా యని కొందరు, చూపక దాచుట తగునా యని కొందరు వాదించిరి. ఇంటిల్లిపాదియు చూడదగినది యనగా బాధ లేనిది యని అర్థము చేసికొనుటయే ఆ చిక్కునకు మూలము.

తెలుగునాట ఈ చిక్కు పుట్టకుండుటకు ఒక సాధనము పూర్వమే కలదు. అది బుర్రకథ. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధమునకంటె ఘోరమైన కథ పిల్లలకు చెప్పదగినది మరియొకటి యుండునా? బుస్సీ దళములును విజయరామరాజు దళములును కోటను ముట్టడింపగా, లోపలివారు తమ స్త్రీలను బిడ్డలను తామే వధించి నిప్పుపెట్టి పోరాడి మడిసిరి. అయినను ఈ కథను తెల్లవార్లు కుటుంబములు కుటుంబములుగా కూర్చుండి వినిరి. వినగలుగుటకు కారణము ప్రక్రియ యొక్క నిర్మాణము. కథకుడు తంబుర మీటుచు ఒక క్షణము రంగారాయడగును, మరుక్షణము మల్లమ్మదేవి యగును, ఆపై తిరిగి కథకుడే యగును. అతడు ఏ పాత్రయందును చిక్కుకొనడు. డక్కీ వాయించు వంతలలో నొకడు హాస్యము చెప్పును, రెండవవాడు రాజకీయము పలుకును. దుఃఖము మితిమీరినపుడు హాస్యగాడు ఊపిరి పీల్చుకొననిచ్చును. శౌర్యము మితిమీరినపుడు రాజకీయపువాడు 'ఎందుకు?' అని యడుగును. షేక్ నాజరు చేతిలో ఈ ప్రక్రియ ఎంత యెత్తునకు పోయినదో ఆంధ్రులకు చెప్పనక్కరలేదు. బొబ్బిలి కథలోను తెలుగువానికి తెలుగువాడే శత్రువు. అయినను విజయరామరాజు పేరు తిట్టుగా మారలేదు. తాండ్ర పాపారాయుడు అతనిని గుడారమున పొడిచి చంపు ఘట్టమునకు చప్పట్లు కొట్టినవారే ఇంటికి పోవుచు రెండు వంశముల నాశమునకు జాలిపడిరి.

కట్టబొమ్మన కథకును ఇట్టి పాటరూపము తమిళమున కలదు. ఆచార్య నా. వానమామలై పరిష్కరింపగా మధుర విశ్వవిద్యాలయము 1971లో దానిని ప్రకటించినది. ఆ పాటలోని నాయకుడు సినిమా నాయకునివలె మచ్చలేనివాడు గాడు. శ్రీవైకుంఠమునందలి కుంఫిణీ ధాన్యపుకొట్టును తానాపతి పిళ్ళ కొల్లగొట్టించుట, కావలివాడు చచ్చుట, తనవాని నప్పగింపక పాళెగాడు తన నాశమును తానే కొనితెచ్చుకొనుట, అన్నియు దానియందు కలవు. పాటకట్టినవారు వీరుని ప్రేమించిరి గాని కడిగి తుడిచి నిలువబెట్టలేదు. ఆ పాటను, లేదా దాని కథను, తెలుగు బుర్రకథగా చోళపురపు అరుగులమీద చెప్పుటకు వలయునది ఒక తంబుర, రెండు డక్కీలు, మూడు గొంతులు. దర్జీ అక్కరలేదు.

పాంచాలంకురిచ్చికి విహారయాత్రకు పోవు బాలురు 1974లో ప్రభుత్వము కట్టించిన కొత్తకోట యెదుట ఛాయాచిత్రములు తీయించుకొందురు. సమీపముననే 1799లోను 1801లోను అచట చచ్చిన ఆంగ్ల సైనికుల సమాధులున్నవి. అచటికి పోవువారు తక్కువ. పోయినచో 1801 సంగతి యడుగవలసివచ్చును. వేషముల కథ 1799 అక్టోబరు 16న కయత్తారు చింతచెట్టుకడనే ముగిసిపోవుచున్నది.

1801 ఫిబ్రవరి 2న కట్టబొమ్మన తమ్ముడు ఊమైదురై పాళయంగోట చెరనుండి తప్పించుకొని వచ్చి, నేలమట్టమైన కోటను ఆరు దినములలో మరల లేపెను. ఊమై యనగా మూగ. ఆ యుద్ధమున పాల్గొనిన జేమ్సు వెల్షు అను ఆంగ్ల సైన్యాధికారి తన జ్ఞాపకములలో ఇతనిని గూర్చి వ్రాసినది శత్రువు వ్రాసినట్లుండదు. ఊమైదురై గడ్డిపరకలను ఏరి ఎడమ అరచేతిలో వరుసగా పేర్చి ఇది ఇంగ్లీషువారి సేన యని చూపి, నోట ఒక సద్దు చేయుచు రెండవచేతితో వానిని ఊడ్చివేయువాడట. అదియే దాడికి ఆజ్ఞ. నాలుగు గడ్డిపరకలు చాలు ఈ ఘట్టమునకు. మాట ఒక్కటియు అక్కరలేదు. ఏడేండ్ల బాలికయు చేయగలదు. అయినను సంవాదము లేని వీరుడు కనుక వానికి వేషము లేదు.

మే 24న కోట పడినది. సాయంకాలము ఆ సమీపపు స్త్రీలు పీనుగుల నడుమ తమవారిని వెదకుచు వచ్చిరి. ఒక తల్లికి కొనయూపిరితో నున్న కొడుకు దొరికెను. తన్ను విడిచి, ప్రక్కన గాయపడియున్న సామిని కాపాడుమని వాడు వేడుకొనెను. ఆమె కొడుకు నచటనే విడిచి ఊమైదురైని మోయించుకొని పోయెను. ఎట్టయపురపు బంటులు వెదకుచు ఇంటి ముంగిటికి రాగా, స్త్రీలు అతనిపై తెల్లని గుడ్డ కప్పి గుండెలు బాదుకొని యేడ్చుచు, అమ్మవారు పోసి బిడ్డ పోయినాడని చెప్పిరి. ఆ మాట విని బంటులు పరుగెత్తిరి. వెల్షు దీనిని దాచక వ్రాసియుంచెను. ఊమైదురై బ్రదికి, శివగంగ మరుదు సోదరులను చేరి పోరాడి, 1801 నవంబరు 16న పాంచాలంకురిచ్చిలో ఉరితీయబడెను. ఆ తల్లి పేరు వెల్షు వ్రాయలేదు.