ఇమడని కథా, ఇమడనివ్వని వ్యాపారమా?

ఒక ప్రక్రియ ఒక కాలంలో ఎందుకు పుట్టిందో, ఎందుకు వికసించిందో వివరించటానికి మన విమర్శకులు చాలా శ్రమ పడ్డారు. ఒక ప్రక్రియ ఒకచోట ఎందుకు లేకుండా పోయిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేసుకున్నాం. లేనిదాని గురించి మాట్లాడటానికి ఏముంటుందని కాబోలు. కాని ఉన్నదానికంటే లేనిదే ఒక్కోసారి ఉత్పత్తి సంబంధాలను బట్టబయలు చేస్తుంది. అలాంటి లోటు ఒకదాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నాను. అది సాహిత్యంలోది కాదు, వీడియో ఆటల రంగంలోది.

“వీడియో ఆటలకూ మన పత్రికకూ ఏమిటి సంబంధం?” అని ముఖం చిట్లించే మిత్రులు తప్పక ఉంటారు. ఒకప్పుడు సినిమా పేరెత్తినా ఇలాగే చిట్లించారు. ఒక మనిషిని నలభై యాభై గంటలపాటు ఒక కథలో కూర్చోబెట్టగలిగిన రూపం ఏదైనా సరే, విమర్శకు నిలబడవలసిందే.

జపానుకు చెందిన నింటెండో కంపెనీ 1996 జూన్‌లో ‘నింటెండో 64’ అనే యంత్రాన్ని విడుదల చేసింది. టీవీకి తగిలించుకుని ఆడుకునే ఇలాంటి యంత్రాన్ని కన్సోల్ అంటారు. ప్రపంచం మొత్తం మీద ఇది 3 కోట్ల 29 లక్షలు అమ్ముడుపోయింది. పరుగు పందేల ఆటలు, తుపాకి ఆటలు, గెంతుతూ దూకుతూ సాగే ఆటలు, క్రీడల ఆటలు దాని మీద కొల్లలుగా వచ్చాయి. పాత్రధారణ ఆటలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. క్వెస్ట్ 64, ఓగర్ బాటిల్ 64, పేపర్ మారియో, ఎయిడిన్ క్రానికల్స్... ఇంకో రెండు మూడు కలిపితే పట్టిక దాదాపు ముగుస్తుంది. ముష్టియుద్ధాల ఆటల పరిస్థితీ అంతంత మాత్రమే. ఆ ప్రక్రియకే పేరు తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్’ ఒక్కటి కూడా ఈ యంత్రం మీదికి రాలేదు. కాని నా దృష్టి ముఖ్యంగా మొదటి లోటు మీదే.

పాత్రధారణ ఆట అంటే ఏమిటో ఒక్క మాట చెప్పాలి. ఆడేవాడు ఒక పాత్రను ధరించి, కొందరు సహచరులను కూడగట్టుకుని ఊరూరా తిరుగుతాడు. కనిపించిన ప్రతివాడితోనూ మాట్లాడతాడు. ఆ మాటలన్నీ తెర మీద అక్షరాలుగా వస్తాయి, చదువుకోవాలి. పోరాటాల్లో చాలాచోట్ల చేతివేగం కంటే ఆలోచన ముఖ్యం. ఆటలన్నిటిలోకీ నవలకు అతి దగ్గరగా ఉన్నది ఇదే.

ఆశ్చర్యం ఎక్కడుందంటే, ఈ ప్రక్రియకు జపానులో పుట్టిల్లు నింటెండో యంత్రమే. 1986లో ఎనిక్స్ కంపెనీ తెచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987లో స్క్వేర్ కంపెనీ తెచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ’ నింటెండో వారి ఫామికామ్ మీద వచ్చినవే. తరువాతి యంత్రమైన సూపర్ ఫామికామ్ మీద 1995లో వచ్చిన ‘క్రోనో ట్రిగ్గర్’ను ఇప్పటికీ ఆ ప్రక్రియలో మేలిబంతిగా లెక్కిస్తారు. అలాంటి ప్రక్రియ మరుసటి ఏడాది వచ్చిన యంత్రం మీద ఒక్కసారిగా అడుగంటింది. జనం అభిరుచి మారిందందామా? అదే కాలంలో, అదే జనం సోనీ కంపెనీ వారి ప్లేస్టేషన్ మీద ఆ ప్రక్రియనే ఎగబడి కొన్నారు. కాబట్టి అభిరుచి వాదం మొదటి మెట్టు మీదే కూలిపోతుంది.

రెండో వాదం కొంచెం గట్టిది. అందరూ చెప్పేదీ అదే. ప్లేస్టేషన్, సెగా కంపెనీ వారి సాటర్న్ రెండూ 1994లోనే సీడీకి మారాయి. నింటెండో మాత్రం పాత పద్ధతిలోనే ప్లాస్టిక్ డబ్బీలో చిప్పును అమర్చిన కార్ట్రిడ్జ్‌ను పట్టుకుని వేళ్ళాడింది. సీడీలో దాదాపు 650 మెగాబైట్లు పడతాయి. నింటెండో 64 కార్ట్రిడ్జ్‌లలో అతి పెద్దది 64 మెగాబైట్లు. 1997 జనవరిలో స్క్వేర్ ప్లేస్టేషన్ మీద విడుదల చేసిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ మూడు సీడీల ఆట. అది కార్ట్రిడ్జ్‌లో ఎలా పడుతుంది? పట్టదు కాబట్టి ప్రక్రియ తరలిపోయింది. ఇదీ వాదం.

వినటానికి ఇది భౌతికవాదంలాగే ఉంటుంది. నిజానికి ఇది యాంత్రిక భౌతికవాదం. అచ్చుయంత్రం వచ్చింది కాబట్టి నవల వచ్చిందని తేల్చేసే వ్యాసాలు మనలోనూ ఉన్నాయి. అచ్చుయంత్రం ఎవరి చేతిలో ఉంది, కాగితం డబ్బు ఎవరు పెట్టారు, అమ్ముడుపోని ప్రతులు ఎవరి అటక మీద మిగిలాయి అన్న ప్రశ్నలు వాటిలో రావు. పనిముట్టును చూస్తాం, పనిముట్టు యజమానిని మరిచిపోతాం. ఇక్కడా జరిగింది అదే.

లెక్క చూడండి. మొదటి డ్రాగన్ క్వెస్ట్ మొత్తం ఆట 64 కిలోబైట్లు. క్రోనో ట్రిగ్గర్ 4 మెగాబైట్లు. నింటెండో 64తోపాటే విడుదలైన సూపర్ మారియో 64 కార్ట్రిడ్జ్ 8 మెగాబైట్లు, అంటే క్రోనో ట్రిగ్గర్‌కు రెట్టింపు. అక్షరాలు పెద్దగా చోటు తినవు. కథ చోటు తినదు. చోటు తినేది చలనచిత్రం, రికార్డు చేసిన సంగీతం. ఫైనల్ ఫాంటసీ 7 మూడు సీడీలకు వ్యాపించింది కథ పెద్దదై కాదు, కథ మధ్యలో సినిమా ముక్కలు పొదిగినందువల్ల. ఇమడనిది ఆ ప్రక్రియ కాదు, ఆ ప్రక్రియ అప్పుడు తొడుక్కున్న ఆడంబర వేషం. ఆ వేషమైనా బొత్తిగా ఇమడదా? ‘రెసిడెంట్ ఈవిల్ 2’ అనే భయానక ఆట రెండు సీడీలది. దాన్ని 1999లో సినిమా ముక్కలతో సహా 64 మెగాబైట్ల కార్ట్రిడ్జ్‌లోకి కుదించారు. నాణ్యత కొంత తగ్గింది, నిజమే. కాని పట్టింది.

ఇంకా బలమైన సాక్ష్యం డ్రాగన్ క్వెస్ట్ ఏడో భాగం. అందులో సినిమా ముక్కలు ఏవో కొద్దిగా తప్ప లేవు. అత్యంత దీర్ఘమైన కథ, సాదా బొమ్మలు. అయినా 1997 ఆరంభంలోనే ఎనిక్స్ దాన్ని సోనీ యంత్రానికి తెస్తామని ప్రకటించింది, 2000 ఆగస్టులో తెచ్చింది. సినిమా కోసం కాకపోతే మరి దేనికోసం వెళ్ళినట్టు?

ఇక్కడ దుకాణం లెక్కల్లోకి రాక తప్పదు. నింటెండో యంత్రానికి ఆట తయారుచేసే కంపెనీ తన ఆటను తానే కార్ట్రిడ్జ్‌గా చేయించుకోవటానికి వీల్లేదు. ఎన్ని వేలు కావాలో ముందే లెక్క చెప్పి, నింటెండోకే ఆర్డరిచ్చి, ముందే డబ్బు కట్టి, సరుకు వచ్చేదాకా వారాలూ నెలలూ కాచుకోవాలి. చిప్పు ఖరీదు సీడీ ఖరీదుకు ఎన్నో రెట్లు. ఎక్కువ మెగాబైట్లు కావాలంటే ఇంకా ఎక్కువ. తక్కువ ఆర్డరిస్తే ఆట గిరాకీ మీదుండగానే దుకాణంలో సరుకు అయిపోతుంది. ఎక్కువ ఆర్డరిస్తే మిగిలిన కార్ట్రిడ్జ్‌లు తయారీదారు నెత్తిన పడతాయి. ఆట అమ్ముడుపోయినా పోకపోయినా నింటెండోకు రావలసింది ముందే వచ్చేస్తుంది. మన పల్లెల్లో కౌలుకిచ్చిన ఆసామికి పంట పండినా ఎండినా కౌలు ముట్టినట్టు. సీడీ అయితే కొద్దిగా అచ్చు వేయించి, గిరాకీని బట్టి మళ్ళీ వేయించుకోవచ్చు. ఈ భారమంతా చివరికి కొనేవాడి మీద పడుతుంది. జపానులో సూపర్ మారియో 64 ధర 9,800 యెన్లు. ప్లేస్టేషన్ ఆటలు ఎక్కువగా 5,800 యెన్లకు దొరికేవి.

పాత్రధారణ ఆటకు ఇది ప్రత్యేకంగా గొడ్డలిపెట్టు. పందేల ఆటకు నాలుగు బాటలు, పది బండ్లు చాలు. ఇక్కడ ఊళ్ళు, మనుషులు, వేల వాక్యాలు రాయాలి. ఏళ్ళ తరబడి చాలామంది పనిచేయాలి. అంత పెట్టుబడి పెట్టినవాడు ఆపైన సరుకు నష్టం కూడా తానే మోయవలసి వస్తే ఆ యంత్రం వైపు ఎందుకు చూస్తాడు? లోటు మెగాబైట్లలో లేదు. నష్టభయం ఎవరి మీద మోపబడిందన్నదాంట్లో ఉంది.

నింటెండో చెప్పుకున్న కారణాలను దాచటం న్యాయం కాదు. కార్ట్రిడ్జ్‌లో ఆట తక్షణం మొదలవుతుంది, సీడీలోలాగా ఎదురుచూడనక్కరలేదు. పిల్లల చేతిలో పడినా పాడవదు. దొంగనకళ్ళు తీయటం కష్టం. ఇవన్నీ నిజాలే. కాని చివరిదాన్ని కొంచెం నిలిపి చూడాలి. నకలు తీయటం కష్టమంటే తయారీ హక్కు గుత్తగా చేతిలో ఉండటమే. ఈ అలవాటు పాతది. 1980లలో అమెరికాలో అమ్మిన తన యంత్రంలో నింటెండో తాళం చిప్పు పెట్టింది, అనుమతి పొందిన కంపెనీ ఏడాదికి ఐదు ఆటలకు మించి తేకూడదని షరతు పెట్టింది. నింటెండో యంత్రానికి సీడీ పరికరం చేసిపెట్టటానికి మొదట ఒప్పుకున్నది సోనీయే. 1991లో చికాగో ప్రదర్శనలో సోనీ ఆ యంత్రాన్ని ప్రకటించిన మరునాడే నింటెండో ఫిలిప్స్‌తో చేయి కలుపుతున్నట్టు చెప్పింది. సీడీ ఆటల మీద హక్కు ఎవరిదన్న పేచీయే అందుకు మూలం. అలా అవమానపడ్డ సోనీ తన దారి తాను చూసుకుంది. ప్లేస్టేషన్ పుట్టింది.

అంతమాత్రాన సోనీని విమోచకుడిగా చూపేవాళ్ళతో నేను ఏకీభవించను. సోనీ కూడా ప్రతి సీడీ మీద తన వాటా తాను పుచ్చుకున్నది. ఒక గుత్తసంస్థ తలుపు మూసుకుంటే ఇంకో గుత్తసంస్థ తలుపు తెరిచింది, అంతే. ఆ తలుపులోంచి వెళ్ళిన కథ ఏమిటో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫైనల్ ఫాంటసీ 7లో షిన్‌రా అనే కంపెనీ ఉంటుంది. అది భూగోళపు ప్రాణశక్తినే తోడి కరెంటుగా అమ్ముకుంటుంది. ఆకాశంలో ఇనుప పళ్ళేల మీద ధనికుల పేటలు, ఆ పళ్ళేల నీడన సూర్యుడు కనపడని మురికివాడలు. కథ మొదలయ్యేది ఆ కంపెనీ రియాక్టరును పేల్చటానికి వెళ్ళే చిన్న తిరుగుబాటు దళంతో. కంపెనీ రాజ్యాన్ని ఎదిరించే ఈ కథే ఒక మహా కంపెనీకి యంత్రాలు అమ్మిపెట్టిన ప్రధాన సరుకు. ఆ కథలో నిజాయితీ లేదని నేననను. మురికివాడను ఒక్కసారిగా పళ్ళెం కింద నలిపేసే ఘట్టం చూసినవాడికి అధికారం అంటే ఏమిటో కొంతైనా అర్థమవుతుంది. కాని కథ సగం దాటాక పోరాటం కంపెనీ మీది నుంచి ఒక ఉన్మాద వీరుడి మీదికి జారిపోతుంది, షిన్‌రా వెనక్కి తగ్గుతుంది. ఆ జారుడు గురించి వేరే వ్యాసం రాయాలి.

నింటెండో 64 మీద ఆ ప్రక్రియ లేని చోట ఏది పెరిగింది? ఆ యంత్రానికి ముందువైపు నాలుగు మీటల పెట్టెలు తగిలించుకునే నాలుగు రంధ్రాలున్నాయి. అందువల్ల నలుగురు ఒకే గదిలో కూర్చుని ఆడే ఆటలు వర్ధిల్లాయి. మారియో కార్ట్ 64, 1997 నాటి గోల్డెన్ ఐ, 1998 నాటి మారియో పార్టీ అలాంటివి. ఒంటరిగా కూర్చుని చదివే కథ పోయి నలుగురూ కలిసి కేకలు వేసే ఆట వచ్చింది. అభ్యుదయవాదిగా నేను సమష్టి వైపు మొగ్గాలి. కాని కథను పోగొట్టుకుని వచ్చిన సమష్టిని పూర్తిగా మెచ్చుకోలేకపోతున్నాను. ఈ విషయంలో నాకు ఇంకా తేలలేదు.

ఉన్న కొద్ది పాత్రధారణ ఆటల్లో క్వెస్ట్ 64 పేలవమైనది. సహచరులు లేరు, ఒక్క కుర్రాడు తిరుగుతుంటాడు. ఒక వింత మాత్రం ఉంది. ఆ లోకంలో డబ్బు లేదు. కావలసిన మందూ మాకూ ఊళ్ళో వాళ్ళు ఊరికే ఇస్తారు. ఆదర్శ సమాజమని సంబరపడనక్కరలేదు, కొట్లూ ధరలూ రూపొందించే శ్రమ తప్పించుకున్నారని నా అనుమానం. 2000లో వచ్చిన పేపర్ మారియో నిజంగా మంచి ఆట. కాగితపు బొమ్మల్లాంటి పాత్రలు, చమత్కారమైన మాటలు. అది నింటెండో సొంత ఆట అన్నది గమనించాలి. కార్ట్రిడ్జ్ కౌలు తనకు తాను కట్టుకునేవాడికి నష్టభయం ఏముంటుంది?

సొంతింట్లోనూ ఒక కథ ఆగిపోయింది. రచయిత షిగెసాతో ఇతోయ్ తలపెట్టిన ‘మదర్ 3’ను ఒక దశలో నింటెండో 64కు తగిలించే డిస్కు పరికరం కోసం అనుకున్నారు. ఆ పరికరం 1999 డిసెంబరులో ఒక్క జపానులోనే వచ్చి, 2001 మొదట్లోనే మూలపడింది. ఆటను 2000 ఆగస్టులో రద్దు చేశారు. త్రిపరిమాణ దృశ్యాలతో అంత పెద్ద కథను అల్లటం తలకు మించిన పనైందని చేసినవాళ్ళే చెప్పారు. అది కూడా ఒక కారణంగా ఒప్పుకోవాలి, అన్నిటినీ కౌలు లెక్కలోకి తోసెయ్యకూడదు.

ఆ ఆట చివరికి 2006 ఏప్రిల్‌లో, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద, సాదా బొమ్మలతో వచ్చింది. డబ్బంటే ఏమిటో తెలియని ఒక పల్లె. పందిముఖం తొడుగులు వేసుకున్న సైన్యం వస్తుంది. వెనకనే డబ్బు వస్తుంది, రైలు వస్తుంది, ‘ఆనందపు పెట్టెలు’ వస్తాయి. ఇంట్లో ఆ పెట్టె పెట్టుకోనివాళ్ళ ఇళ్ళ మీద పిడుగులు పడతాయి. మెల్లగా పల్లె ఖాళీ అయి జనం పట్నం దారి పడతారు. నేను ఎరిగినంతలో ఈ రంగంలో పెట్టుబడి ప్రవేశాన్ని పల్లె కళ్ళతో చూపిన కథ ఇంత సూటిగా ఇంకొకటి లేదు. ఆ కార్ట్రిడ్జ్ 32 మెగాబైట్లది. నింటెండో 64 మీద 1998లో వచ్చిన ‘జెల్డా’ ఆట కార్ట్రిడ్జ్ కూడా సరిగ్గా అంతే. జపాను బయట ఆ ఆటను నింటెండో ఈనాటికీ విడుదల చేయలేదు.