వేళ్లతో నేర్చుకోవాల్సిన పాఠం

ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలు డిసెక్షన్ హాలులో అడుగుపెట్టేసరికే పుస్తకంలో బొమ్మలన్నీ చూసేసి ఉంటారు. ఆ బొమ్మల్లో ఆర్టరీ ఎర్రగా, వెయిన్ నీలంగా, నర్వ్ పసుపుపచ్చగా ఉంటుంది. టేబుల్ మీది దేహంలో ఆ రంగులేవీ ఉండవు. ఫార్మలిన్‌లో నానిన కండ, కొవ్వు, నాళాలు అన్నీ ఇంచుమించు ఒకే మట్టిరంగుకు తిరిగిపోతాయి. ఘాటుకు కళ్లు మండుతుంటే, చేతిలో ఫోర్‌సెప్స్ పట్టుకుని ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, వీటిలో ఏది ఏదో ఎలా తెలుస్తుందండీ?" అనాటమీ పాఠం చెప్పినన్నాళ్లూ నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇదే. శరీరాన్ని నేర్చుకోవడం నిజంగా మొదలయ్యేది ఇక్కడే.

"కళ్లతో చూసింది చాలు, ఇక పట్టుకుని చూడమ్మా" అనేదాన్ని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తే ఆర్టరీ గోడ మందంగా తగులుతుంది. కోసిన చోట దాని నోరు తెరుచుకునే ఉంటుంది. వెయిన్ గోడ పలచన, లోపల రక్తం లేకపోతే అణిగిపోతుంది. నర్వ్‌లో బోలు ఉండదు, వేళ్ల మధ్య గట్టిగా తగులుతూ జారుతుంది. ఈ మూడు తేడాలూ వేళ్లకు పట్టుబడ్డాక రెండో మెట్టు: ఇది ఎక్కణ్నుంచి వచ్చింది, ఎటు పోతోంది, దీని పక్కన ఏముంది?

చంకలో ఉండే నర్వ్‌ల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్‌నే తీసుకోండి. అక్కడి మూడు కార్డ్‌లకూ పేర్లు వచ్చింది పక్కనున్న ఆగ్జిలరీ ఆర్టరీని బట్టే. దానికి బయటివైపు ఉన్నది లేటరల్, లోపలివైపుది మీడియల్, వెనకవైపుది పోస్టీరియర్. ఆ ఆర్టరీ ముందు రెండు పాయలు కలిసి మీడియన్ నర్వ్‌గా మారే చోట ఇంగ్లీషు 'ఎమ్' అక్షరం ఆకారం కనిపిస్తుంది. అది దొరికితే చేతిలోకి దిగే ముఖ్యమైన నర్వ్‌లకు దారి దొరికినట్టే. హైదరాబాద్ పాతబస్తీలో ఇంటి నంబరు ఒక్కదాన్నే పట్టుకుని ఎవరూ ఇల్లు వెతకరు. మదీనా దాటాక పత్తర్‌గట్టి, అక్కడ ఫలానా దుకాణం పక్క సందు, సందులో మసీదు, దానికి ఎదురిల్లు అంటూ ఇరుగుపొరుగును బట్టి చేరతారు. దేహంలో చిరునామాలూ అంతే.

ఈ చదువుకు మన ఊళ్లో పాత వేళ్లున్నాయి. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ ఆధ్వర్యంలో 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. తొలి దశాబ్దాల్లో అక్కడ పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. 1885లో ఆ బడిలో చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ తర్వాత మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు. ఆ బడే ఎదిగి ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. ఇంకా వెనక్కి వెళితే సుశ్రుత సంహితలోనే ఈ పద్ధతి ఉంది: దేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, మెల్లగా పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, ఆ తర్వాత కుంచెతో రుద్దుతూ పొర తర్వాత పొరను కళ్లారా చూడాలంటుంది. చదివింది ఒక ఎత్తు, చూసి తెలుసుకున్నది ఒక ఎత్తు అని ఆనాడే గ్రహించారు.

చార్మినార్ పక్కనే నిజామియా టిబ్బీ కాలేజీ ఉంది. యునానీ చదివే పిల్లలకు అక్కడ శరీర నిర్మాణం 'తష్రీహుల్ బదన్' పేరుతో పాఠ్యాంశం. హకీం నబ్జ్ (నాడి) చూసేటప్పుడు రోగి మణికట్టు మీద నాలుగు వేళ్లు ఆనిస్తాడు. ఆ వేళ్ల కింద ఉన్నది రేడియల్ ఆర్టరీ. దానికి లోపలివైపు ఫ్లెక్సర్ కార్పి రేడియాలిస్ టెండన్, అడుగున రేడియస్ ఎముక. ఆర్టరీని ఆనించి నొక్కడానికి గట్టి ఎముక ఆసరా ఉంది కాబట్టే నాడి అక్కడ అంత బాగా తెలుస్తుంది.

అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే లాడ్ బజార్. గాజుల దుకాణాల్లో అమ్మేవాళ్ల చేతులు చూడటం నాకెంతో ఇష్టం. వచ్చినావిడ చెయ్యి ఇలా పట్టుకోగానే "రెండు-నాలుగు సరిపోతుందమ్మా" అనేస్తారు. చూసేది మణికట్టును కాదు, వేళ్ల మొదళ్ల దగ్గర చెయ్యి ఎంత వెడల్పుందో. గాజు ఇరుక్కునేది అక్కడే. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చిటికెనవేలి వైపు నెట్టి, కణుపులను దగ్గరికి నొక్కి గాజు ఎక్కిస్తారు. ట్రపీజియం ఎముకకూ బొటనవేలి మెటాకార్పల్‌కూ మధ్య ఉన్న కీలు వల్లే ఆ మడత సాధ్యం. ఆ కీలు పేరు వాళ్లకు తెలియకపోవచ్చు, అది ఎంతవరకు కదులుతుందో వాళ్ల వేళ్లకు తెలుసు. డాక్టరుకు ఈ రెండూ తెలియాలి.

మీరూ ఒకసారి బొటనవేలిని పైకి చాపి చూడండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన రెండు టెండన్ల మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంట అడుగున ఉన్నది స్కాఫాయిడ్, మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఒకటి. అరచెయ్యి ఆనించి కిందపడినవాళ్లకు ఆ గుంటలో నొక్కినప్పుడు నొప్పి పుడితే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా స్కాఫాయిడ్ విరిగిందేమోనని అనుమానించాల్సిందే. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్లవైపు కొస నుంచి వెనక్కి పారుతుంది. మధ్యలో విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆ గుంట ఎక్కడో తెలిసిన వేలు ఒక మనిషి చేతిని కాపాడగలదు.

ముందు పెట్టిన భాగాన్ని గుర్తుపట్టే స్పాటర్స్ పరీక్షలో గంట కొట్టేలోపు పేరు రాసేస్తే మార్కు పడుతుంది. కాలర్ బోన్ చేతికిస్తే 'క్లావికిల్' అని ఎవరైనా చెబుతారు. "కుడిదా, ఎడమదా? ఎలా చెప్పగలవు?" అని అడిగితేనే అసలు చదువు బయటపడుతుంది. లావుగా ఉండే కొస రొమ్ము ఎముక వైపు, చదునుగా ఉండేది భుజం వైపు. లోపలి మూడింట రెండు వంతులూ ముందుకు ఉబ్బి ఉంటాయి. పొడుగునా గాడి ఉన్న ముఖం కిందికి. ఈ మూడూ సరిచూసుకుని తన ఛాతీ మీద ఆనించుకున్న పిల్లకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఇప్పుడు తెర మీద దేహాన్ని తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మంచివే, వాడుకోవాలి. కానీ మనుషులంతా ఒకే అచ్చులో ఉండరు. బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి మణికట్టు కొద్దిగా వంచితే చాలామందికి నడిమధ్యన పాల్మారిస్ లాంగస్ టెండన్ తేలుతుంది. కొందరికి ఆ కండరమే ఉండదు, అయినా ఏ లోటూ తెలియదు. ఆర్టరీలు చీలే చోట్లు కూడా మనిషికీ మనిషికీ మారతాయి. ఆ తేడాను తొలిసారి ఆపరేషన్ టేబుల్ మీద చూడటం కంటే డిసెక్షన్ హాలులో చూడటం ఎంతో మేలు. అందుకు ఎక్కువ దేహాలు కావాలి.

దేహాన్ని గౌరవిస్తామని ప్రమాణం చేశాకే పిల్లలు కత్తి పడతారు. వాళ్లకు ఆ దేహమే తొలి గురువు. 2024 అక్టోబరులో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా కన్నుమూశాక కుటుంబం ఆయన దేహాన్ని గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చింది. మీకూ అలాంటి ఆలోచన ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో అంగీకార పత్రం అడగండి. కళ్లు దానం చేసినా దేహాన్ని తీసుకుంటారు. పోస్ట్‌మార్టం జరిగిన దేహాన్ని మాత్రం మామూలుగా తీసుకోరు. మీరు సంతకం చేసినా, ఆఖరికి కాలేజీకి కబురు పెట్టి అప్పగించాల్సింది మీ ఇంట్లోవాళ్లే. కాబట్టి ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడండి.